లెక్కలో మీ ఇల్లుందా?

శ్రోతలకు నమస్కారం.

పక్క ఊళ్లో సబ్ సెంటర్ ఉంది, మన ఊళ్లో లేదు. ఎందుకని? ఈ ప్రశ్న చాలామందికి వచ్చే ఉంటుంది. దీనికి జవాబు ఒక లెక్కలో ఉంది. మైదాన ప్రాంతాల్లో 5,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం, అంటే సబ్ సెంటర్, ఉండాలి. కొండ, గిరిజన ప్రాంతాల్లో అయితే 3,000 మందికే ఒకటి. దానిపైన 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ), ఏజెన్సీలో 20,000 మందికి ఒకటి. ఆపైన సామాజిక ఆరోగ్య కేంద్రం, ఏరియా ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి. ఉపకేంద్రం బోర్డు మీద ఆంధ్రలో విలేజ్ హెల్త్ క్లినిక్ అనీ, తెలంగాణలో పల్లె దవాఖానా అనీ, కేంద్రం లెక్కలో ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అనీ పేర్లు కనిపిస్తాయి. ఏ పేరున్నా ఊరికి అందాల్సిన సేవలు దాదాపు ఒకటే: గర్భిణుల పరీక్షలు, పిల్లల టీకాలు, బీపీ, షుగర్ బిళ్లలు, జ్వరాలకు మందులు.

ఈ అంచెల పద్ధతికి పునాది వేసింది భోర్ కమిటీ. దేశంలో ఆరోగ్య సేవలు ఎలా ఉన్నాయో చూడమని బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని 1943లో నియమించింది, అది 1946లో నివేదిక ఇచ్చింది. డబ్బు కట్టలేడన్న కారణంతో ఏ మనిషికీ వైద్యం అందకుండా పోకూడదని అందులో రాశారు. అప్పటికి మనకు స్వాతంత్ర్యం కూడా రాలేదు. ఆ మాటే ఇప్పటికీ మన ప్రభుత్వ ఆసుపత్రులకు ఆధారమని నేను నమ్ముతాను.

అయితే తలల లెక్క ఒక్కటే చూస్తే కొన్నిచోట్ల అన్యాయం జరుగుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో 3,000 మంది అంటే ఒక ఊరు కాదు, కొండల మీద విడివిడిగా ఉండే ఎన్నో గూడేలు. వాగు పొంగిందంటే ఉపకేంద్రం ఉన్నా లేనట్టే. నిండు గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న ఫొటోలు పేపర్లో ఏటా చూస్తూనే ఉన్నాం. అందుకే కొండ ప్రాంతాలకు జనాభాతో పాటు నడక సమయం కూడా చూడాలని, అరగంట నడకలో వైద్యం దొరకాలని జాతీయ ఆరోగ్య మిషన్‌లో ఒక ప్రమాణం పెట్టారు. సాలూరులో గిరిజన గర్భిణులకు వసతిగృహం పెట్టడం కూడా ఈ ఆలోచనతోనే. కాన్పు తేదీ దగ్గరపడకముందే వాళ్లను ఆసుపత్రికి దగ్గరగా తెచ్చి ఉంచుతారు. రోడ్డు పడేదాకా ఆగకుండా ఉన్నంతలో వేసిన మంచి ప్రణాళిక ఇది.

మరి ఈ లెక్కంతా రాసేదెవరు? ఉపకేంద్రం నర్సు అయిన ఏఎన్ఎం, ఊళ్లోనే ఉండే ఆశా కార్యకర్త. పెద్ద ఆఫీసుల్లో వేసే ప్రణాళికలన్నీ వీళ్లు ఇంటింటికీ తిరిగి రాసిన పేర్ల మీదే నిలబడతాయి. బుధవారం జరిగే టీకాల సంగతే తీసుకోండి. ఏ పిల్లకు తొమ్మిది నెలలు నిండుతున్నాయి, ఎవరు కిందటిసారి రాలేదు అని ముందే జాబితా రాసుకుంటారు. ఆ జాబితాను బట్టే పీహెచ్‌సీ నుంచి ఎన్ని సీసాలు తేవాలో తేలుతుంది. తట్టు, రుబెల్లా టీకా సీసా తెరిచారంటే నాలుగు గంటల్లోపే వాడాలి, మిగిలింది పారేయాల్సిందే.

ఇక తెచ్చే విధానం చూడాలి. ఫ్రీజర్లోంచి తీసిన ఐస్ ప్యాక్‌లను వెంటనే టీకాలు మోసే పెట్టెలో, అంటే క్యారియర్‌లో, పెట్టరు. కాసేపు బయట ఉంచి, చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపి చూస్తారు. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాకే సర్దుతారు. ఎందుకంటే ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ లాంటి టీకా గడ్డకడితే పనికిరాకుండా పోతుంది. వేడి తగిలినా చెడుతుంది, చలి ఎక్కువైనా చెడుతుంది. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉండాలి. సీసా మీద ఒక వలయం, దాని మధ్య చిన్న చదరం ఉంటాయి. ఆ చదరం వలయమంత నల్లబడితే ఆ సీసా వాడరు. ఈసారి మీ పిల్లకు టీకా వేయించేటప్పుడు చూపించమని అడగండి, సిస్టర్ సంతోషంగా చూపిస్తారు.

ఇంత జాగ్రత్తగా తెచ్చిన టీకా, జాబితాలో పేరు లేని పిల్లకు అందకపోవచ్చు. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలు, పల్నాడు వైపు మిరపకోతలకు తరలివచ్చే కూలీలు ఏ ఊరి లెక్కలో ఉంటారు? సొంతూళ్లో రాసిన పేరు ఇక్కడికి రాదు, ఇక్కడేమో రాయరు. బట్టీ యజమానో పొలం రైతో ఆశాకు ఒక్క ఫోన్ చేసి పలానా కుటుంబం వచ్చిందని చెబితే సరిపోతుంది. ఇది ఎవరైనా చేయగల పని, చేసి తీరాల్సిన పని.

మందులదీ ఇదే తీరు. సాధారణంగా కిందటి మూడు నెలల్లో ఎంత వాడారో చూసి తరువాతి ఇండెంట్, అంటే ఇన్ని మందులు కావాలని పంపే కాగితం, పెడతారు. నెలన్నరకే బీపీ బిళ్లలు అయిపోయాయనుకోండి. మిగతా నెలన్నర వచ్చినవాళ్లు బయట కొనుక్కుంటారు. రిజిస్టర్లో మాత్రం వాడకం తక్కువే కనిపిస్తుంది. దాంతో మళ్లీ తక్కువే వస్తాయి. అందుకే మందులు లేవన్నప్పుడు ఊరికే వెనుదిరక్కండి. నేను వచ్చాను, మందు దొరకలేదు అని రాసుకోమనండి. ఆ ఒక్క వరుస వచ్చే ఇండెంట్‌కు సాక్ష్యమవుతుంది.

ఆరోగ్య ప్రణాళిక కాగితం మీద కింది నుంచి పైకి వెళుతుంది. గ్రామం, పీహెచ్‌సీ, జిల్లా, రాష్ట్రం, చివరికి ఢిల్లీ. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పుడు చెప్పిన పద్ధతి ఇదే. మన రెండు రాష్ట్రాల్లో ఈ మిషన్ ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. కానీ కిందటేడు కాగితానికే నాలుగు అంకెలు మార్చి పంపితే అది ప్రణాళిక అనిపించుకోదు. ఊరు చెప్పిన మాట అందులో ఉండాలి. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు ఉద్దేశించిన 29 అంశాల్లో ఆరోగ్యం, పారిశుధ్యం, పీహెచ్‌సీలు కూడా ఉన్నాయి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్ల రూపాయలు ఇవ్వాలని సిఫారసు చేసింది. ఆసుపత్రి విషయం మనకెందుకని ఏ సర్పంచీ అనడానికి వీల్లేదు.

ప్రతి ఊరికీ గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ ఉండాలి. ఆశా, అంగన్‌వాడీ టీచర్, ఏఎన్ఎం, పంచాయతీ సభ్యులు, ఊరి ఆడవాళ్లు అందులో ఉంటారు. చిన్న చిన్న అవసరాలకు కొంత నిధి కూడా వాళ్ల చేతిలో పెట్టాలని నియమం. మీ ఊరి కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది, పుస్తకంలో ఏం రాసింది అని వచ్చే గ్రామసభలో అడగండి. పీహెచ్‌సీకి వెళ్లినప్పుడు ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో ఎవరున్నారో కనుక్కోండి. మీ వీధి చివర కొత్తగా దిగిన కుటుంబంలో గర్భిణి గానీ, పసిబిడ్డ గానీ ఉంటే ఆ పేరు ఈ వారమే ఆశా పుస్తకంలో రాయించండి.

నమస్కారం.