పంచదార తీసేస్తే జెల్లీ ఎలా గడ్డకడుతుంది?

(దృశ్యం: బల్ల మీద రెండు గాజు గిన్నెలు. ఒకదాంట్లో చెంచా గుచ్చితే నిలబడింది. రెండోదాన్ని వంచితే రసం జారిపోతోంది.)

నమస్తే అండి. ఈ రెండు గిన్నెల్లో ఉన్నది ఒకే జామపండ్ల రసం. మొదటిదాంట్లో పంచదార వేశాను, రెండోదాంట్లో సుక్రలోజ్ అనే తీపి పొడి. తీపి రెండింటికీ సరిపోయింది. కానీ రెండోది రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నా ఇదిగో, చారులా కారిపోతోంది.

మా నాన్నగారికి షుగర్ వచ్చిన కొత్తలో నేను చేసిన పొరపాటు ఇదే. పంచదార ఉన్నది తీపి కోసమే అనుకున్నాను.

(దృశ్యం: మరుగుతున్న జామ రసం, దగ్గరగా.)

జామ, వెలగ, యాపిల్‌లో పెక్టిన్ అనే పీచు ఉంటుంది. రసంలో అది సన్నటి దారాల్లా విడివిడిగా తేలుతుంటుంది. పంచదార చుట్టుపక్కల నీటిని తనవైపు లాక్కుంటుంది. నిమ్మరసం లాంటి పులుపు ఆ దారాలను దగ్గరకు రానిస్తుంది. అప్పుడవి వలలా అల్లుకుని, మిగిలిన నీటిని పట్టి ఉంచుతాయి. ఇందుకోసం మామూలు జెల్లీ బరువులో సగానికి పైగా పంచదారే ఉండాలి. దాన్ని తీసేస్తే ఆ వల అల్లుకోదు. అంటే తీపితో పాటు, గడ్డకట్టించే పదార్థాన్ని కూడా మార్చాలి.

మన పల్లెల్లో దూసరతీగ ఆకు నీళ్లలో పిసికి, వడకట్టి వదిలేస్తే కాసేపటికి పచ్చగా గడ్డకడుతుంది, చూశారా? పంచదార, పొయ్యి రెండూ అక్కర్లేదు. ఆకులోని జిగురే ఆ పని చేస్తుంది.

(దృశ్యం: చైనా గ్రాస్ పొడి, నీళ్లు, గిన్నె.)

ఇంట్లో చేసుకోవడానికి నా ఓటు చైనా గ్రాస్‌కే. దీన్నే అగార్ అంటారు. ఇది సముద్రపు నాచు నుంచి వస్తుంది కాబట్టి శాకాహారులూ తినొచ్చు. తమిళనాడులోని రామనాథపురం తీరంలో ఆడవాళ్లు నీళ్లలో మునిగి ఈ నాచు ఏరుకొస్తారు.

అర లీటరు జెల్లీకి 4 గ్రాముల పొడి చాలు. ముందు పావు లీటరు నీళ్లలో కలిపి, పలుకు లేకుండా కరిగేదాకా రెండు మూడు నిమిషాలు మరిగించాలి. పొయ్యి కట్టేశాకే పండ్ల రసం పోయాలి. పులుపుతో కలిపి మరిగిస్తే అగార్ పట్టు తగ్గుతుంది. రసం ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోయకండి, ఉండలు కడుతుంది. సుమారు 40 డిగ్రీలకు చల్లారేసరికి అదే బిగుసుకుంటుంది. మళ్లీ కరగాలంటే దాదాపు 85 డిగ్రీల వేడి కావాలి, అందుకే మన ఎండల్లోనూ నిలబడుతుంది. 1881లో జర్మనీలో ఫానీ హెస్సే, వంటింట్లో జెల్లీలకు వాడే ఈ అగార్‌నే సూక్ష్మజీవులను పెంచడానికి వాడమని, వాటిని పరిశోధించే తన భర్తకు సూచించారు. అంతకుముందు వాళ్లు వాడిన జెలటిన్ వేడికి కరిగిపోయేది మరి.

జెలటిన్ జెల్లీ నోట్లో పెట్టగానే కరుగుతుంది, ఊగుతూ మెత్తగా ఉంటుంది. కానీ అది పశువుల తోలు, ఎముకల నుంచి వస్తుంది. పచ్చి అనాస, బొప్పాయి ముక్కలు వేస్తే గడ్డకట్టదు, వాటిలోని ఎంజైములు జెలటిన్‌ను విరగ్గొడతాయి.

ఇక జామ్‌లా బ్రెడ్ మీద రాసుకునేది కావాలంటే లో మెథాక్సిల్ పెక్టిన్ అని అడగండి. దీనికి పంచదార బదులు కాస్త కాల్షియం ఉంటే చాలు.

(దృశ్యం: తీపి పొడుల డబ్బాలు.)

తీపికి సుక్రలోజ్, స్టీవియా వేడిని తట్టుకుంటాయి. ఆస్పర్టేమ్ మాత్రం దించాకే కలపాలి, మరిగిస్తే తీపి పోతుంది. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. మాల్టిటాల్ అనే ఇంకో తీపి పొడి ఎక్కువైతే విరేచనాలవుతాయి, పైగా రక్తంలో చక్కెరను కొంత పెంచుతుంది కూడా.

బెల్లం, తేనె, ఖర్జూరం వేసి షుగర్ ఫ్రీ అని పెద్దవాళ్లకు పెట్టకండి, దయచేసి. అవన్నీ చక్కెరే. మన దేశంలో షుగర్ ఫ్రీ అని రాయాలంటే 100 గ్రాముల్లో చక్కెరలు అర గ్రాము దాటకూడదు. పండ్ల రసంతో చేసింది ఆ లెక్కలోకి రాదు, రసంలోనే చక్కెర ఉంది. అందుకే నాన్నగారికి నేను నిమ్మరసం, అల్లం వేసి చేస్తాను, అదీ చిన్న గిన్నెడే.

(దృశ్యం: పళ్లెంలో బోర్లించిన జెల్లీ. అంచున నీటి చుక్కలు.)

ఈ నీరు చూసి పాడైందని కంగారు పడకండి. అగార్ వల మెల్లగా బిగుస్తూ నీటిని వదులుతుంది. కానీ చెడకుండా కాపాడే పంచదార ఇందులో లేదు కదా, ఫ్రిజ్‌లోనే మూతపెట్టి, రెండు మూడు రోజుల్లో తినేయండి.