ధారపోసిన పుణ్యం

అందరికీ నమస్కారం.

'పుణ్యం ధారపోశాడు' అని మాటవరసకు అంటుంటాం. ఆ ధార కళ్లారా చూడాలంటే శ్రీలంకలో మతకదానం జరిగే ఇంటికి వెళ్లాలి. మనిషి పోయిన ఏడో రోజున, మూడో నెలలో, ఏడాదికి భిక్షువులను పిలిచి భోజనం పెడతారు. ఆ తర్వాత పళ్లెంలో చిన్న గిన్నె ఉంచి, ఇంట్లో నలుగురూ కూజాకు చెయ్యి వేసి, సన్నగా నీళ్లు పోస్తారు. గిన్నె నిండి పళ్లెంలోకి పొర్లుతుంటే భిక్షువులు పాలి గాథలు చదువుతారు: ఎత్తున కురిసిన వాన పల్లానికి పారినట్టు, ఇక్కడ ఇచ్చింది ప్రేతలకు అందుతుంది. నీరు పల్లమెరుగు అని మనమూ అంటాం కదా.

ఆ గాథలు పాలి బౌద్ధ గ్రంథాల్లోని తిరోకుడ్డ సుత్తంలోవి. తిరోకుడ్డం అంటే గోడ అవతల. పోయినవాళ్లు తమ ఇంటికే వచ్చి గోడల బయట, గుమ్మాల దగ్గర, కూడళ్లలో నిలబడతారట. లోపల విందు జరుగుతుంటుంది, వీళ్లు మాత్రం ఎవరికీ గుర్తు రారు. వాళ్లున్న లోకంలో సేద్యం లేదు, పాడి లేదు, బేరసారాలు లేవు. మనం ఇచ్చిందే ఆధారం.

మరి అన్నం తిన్నది భిక్షువు కదా, పోయినవాడికి ముట్టిందేమిటి? దానం వల్ల వచ్చిన పుణ్యంలో వాటా. దాన్ని చూసి అతడు సంతోషించాలి. ఆ అనుమోదనే అతడి పుణ్యం. ఇచ్చినవాడికేమీ తరగదు, దీపంతో దీపం వెలిగించినట్టే.

బుద్ధుడి బోధల సంకలనమైన అంగుత్తర నికాయంలో జాణుస్సోణి అనే బ్రాహ్మణుడు బుద్ధుణ్ని సూటిగా అడుగుతాడు: మేం శ్రాద్ధాలు పెడతాం, అవి మావాళ్లకు నిజంగా చేరతాయా? ప్రేతలోకంలో ఉంటేనే చేరతాయి అంటాడు బుద్ధుడు. నరకంలో, పశుజన్మలో, మనుషుల్లో, దేవతల్లో పుట్టినవాళ్లకు అక్కడి ఆహారమే. మావాడు ప్రేతలోకంలో లేకపోతే? ఇంకో బంధువు తింటాడు. ఎవరూ లేకపోతే? ఇంత సుదీర్ఘమైన సంసారంలో ఆ చోట మీ బంధువన్నవాడే లేకపోవడం అసంభవం, పైగా ఇచ్చినవాడికి ఫలం ఎటూ పోదు! బ్రాహ్మణుడు ఒక్కో ప్రశ్నా వేసి తరచి చూస్తుంటే, బుద్ధుడు తద్దినాన్ని కాదనకుండానే దాని లెక్క మార్చేశాడు.

కంబోడియాలో పోయినవాళ్ల పండుగ ప్చుమ్ బెన్ సరిగ్గా మన మహాలయ పక్షంలోనే వస్తుంది, పదిహేను రోజులు. 'బెన్' అంటే పిండమే. తెల్లవారకముందే చీకట్లో విహారం చుట్టూ తిరుగుతూ, నువ్వులు కలిపిన అన్నం ముద్దలు నేల మీదికి విసురుతారు. పాపం ఎక్కువ చేసిన ప్రేతలు వెలుతురు చూడలేరు, అందుకని. తమ వాళ్ల కోసం ప్రేతలు ఏడు గుళ్ల దాకా వెతుకుతారని నమ్మకం. అన్నం నేలపాలు చేయడమేమిటని విసుక్కునే భిక్షువులూ అక్కడే ఉన్నారు. నాకు మాత్రం చీకట్లో ఆ ముద్ద విసిరే చెయ్యి మీద జాలే కలుగుతుంది.

ఈ ఆచారం మన నేలకూ కొత్త కాదు. క్రీస్తుశకం 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి, నాగార్జునకొండలోని పెద్ద బౌద్ధ స్తూపం, మహాచైత్యం దగ్గర స్తంభాలు నిలిపింది. ఆ శాసనంలో 'పరిణామేతునం' అనే మాట ఉంది, పుణ్యాన్ని మళ్లించి అని. ఎవరికి? పుట్టింట, మెట్టినింట పోయినవాళ్లకు, ఉన్నవాళ్లకు. ఇంకా పుట్టనివాళ్లకు కూడా ఆవిడ వాటా పెట్టింది.