చర్మకారుడు విధికుడి దాకా వచ్చిన మాట

(గుంటూరులో బుద్ధపూర్ణిమ సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం.

బుద్ధపూర్ణిమ రాగానే అమరావతి మాది, భట్టిప్రోలు మాది, నాగార్జునకొండ మాది అని గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. కానీ అక్కడి బౌద్ధ స్తూపాల రాళ్లు ఎవరు పెట్టించారని అడిగేవాళ్లు తక్కువ.

అమరావతి శాసనాల్లో ఒకటి చూడండి. విధికుడు అనే చర్మకారుడు, నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, బంధుమిత్రులు అందరితో కలిసి పూర్ణఘటం, అంటే నిండుకుండ, చెక్కిన రాతిపలక దానం చేశాడు. రాజు కాదు, మంత్రి కాదు, తోలుపని చేసుకునే మనిషి. ఇంటిల్లిపాదినీ ఆ పుణ్యంలో కలుపుకున్నాడు. ఎక్కడో గంగ ఒడ్డున పుట్టిన మాట కృష్ణ ఒడ్డున ఈయన దాకా వచ్చి, చేతిలో డబ్బు ఖర్చు పెట్టించిందంటే అందులో ఏదో ఉండాలి కదా!

బుద్ధుడి కథ మీకు తెలిసిందే, గబగబా చెప్పేస్తాను. శాక్యుల బిడ్డ, లుంబినిలో పుట్టాడు. 29వ ఏట ఇల్లు వదిలాడు. ఆరేళ్ల పాటు వెతికాడు, ఎముకలు తేలేదాకా ఉపవాసాలు చేశాడు. లాభం లేదని తేల్చుకుని అన్నం తిన్నాడు. బోధగయలో రావిచెట్టు కింద జ్ఞానోదయమైంది. సారనాథ్‌లో ఐదుగురికి మొదటి బోధ చేశాడు: దుఃఖం ఉంది, దానికి కారణం తృష్ణ, తృష్ణ పోతే దుఃఖమూ పోతుంది, అందుకు అష్టాంగమార్గం ఉంది. ఆ ఎనిమిది పేర్లూ నేనిప్పుడు వల్లించను, పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉంటాయి.

నాకిష్టమైన ఘట్టం దాని తర్వాతది. ఆ ఐదుగురిలో ఒకడు అస్సజి. రాజగృహంలో భిక్షకు వెళ్తుంటే ఉపతిస్సుడనే యువకుడు ఆయన నడక, నెమ్మది చూసి ఆగిపోయాడు. అప్పుడే అడ్డం పడలేదు. భిక్ష పూర్తయ్యేదాకా వెనకాలే వెళ్లి, అప్పుడు అడిగాడు: ‘మీ గురువెవరు, ఏం చెబుతాడు?’ అస్సజి, ‘నేను కొత్తవాణ్నండి, వివరంగా చెప్పలేను, సారం చెబుతాను’ అన్నాడు. చెప్పింది ఇంతే: కారణం వల్ల పుట్టినవాటికి ఆ కారణమేమిటో తథాగతుడు, అంటే బుద్ధుడు, చెప్పాడు, అవి ఎలా ఆగిపోతాయో కూడా చెప్పాడు. ఉపతిస్సుడికి అది చాలింది. ఆయనే తర్వాత సారిపుత్తుడయ్యాడు. దేవుడి పేరు లేదు, యజ్ఞం లేదు, కులం లేదు. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది పోతే అది పోతుంది. బౌద్ధానికి గుండెకాయ ఇదేనని నేననుకుంటాను. ఏదీ శాశ్వతం కాదనే అనిత్యమూ, మారని ఆత్మ అంటూ లేదనే అనాత్మా దీన్నుంచి వచ్చినవే.

‘అన్నీ వదిలేయమన్నాడుగా, సంసారులం మనకెందుకు’ అంటారు కొందరు. సిగాలుడనే గృహస్థుకి బుద్ధుడు చెప్పింది వినండి. సంపాదన నాలుగు భాగాలు చెయ్యి. ఒకటి అనుభవించు, రెండు వ్యాపారంలో పెట్టు, నాలుగోది కష్టకాలానికి దాచు. మన మిర్చి యార్డులో బోర్డు రాసి పెట్టినా తప్పు లేదు.

ఇక విధికుడి సంగతి. ఎవరూ పుట్టుకతో నీచుడు కాడు, చేసే పనిని బట్టే అవుతాడు అన్నాడు బుద్ధుడు. మాటతో సరిపెట్టలేదు కూడా. శాక్య రాజకుమారులు వాళ్ల మంగలి ఉపాలితో కలిసి సంఘంలో చేరడానికి వచ్చారు. ‘ముందు ఇతనికి దీక్ష ఇవ్వండి, మా గర్వం అణుగుతుంది’ అని వాళ్లే అడిగారు. అలాగే ఇచ్చాడు. సంఘంలో ముందు చేరినవాడే పెద్ద కాబట్టి ఆ రాజకుమారులు ఉపాలికి మొక్కాల్సి వచ్చింది. ఇలాంటి ధర్మం తోలుపనివాడి ఇంట్లోకి ఎందుకు వచ్చిందో వేరే చెప్పాలా?

ఒక చిక్కు ప్రశ్న మిగిలింది, నేనే బయటపెడతాను. ఆత్మ లేదంటే మళ్లీ పుట్టేదెవరు? మిళిందుడనే గ్రీకు రాజు నాగసేన భిక్షువును ఇలాంటిదే అడిగాడు. ఒక దీపంతో మరో దీపం వెలిగిస్తే మొదటి దీపంలోంచి ఏదైనా బయటికి నడిచి వెళ్తుందా అని ఆయన ఎదురు ప్రశ్న వేశాడు. వెళ్లదని రాజు ఒప్పుకున్నాడు. మళ్లీ పుట్టడమూ అంతేనన్నది నాగసేనుడి జవాబు. నాకైతే ఆ జవాబు ఇంకా పూర్తిగా మింగుడు పడలేదు. ఈ హాల్లో దీని మీద నాకంటే ఎక్కువ చదివినవాళ్లున్నారు, మైకు అటు ఇస్తున్నాను.