చిక్కంతా "అని" దగ్గరే

అందరికీ నమస్కారం. డైరెక్ట్ స్పీచ్‌ని రిపోర్టెడ్ స్పీచ్‌లోకి మార్చడం, అంటే ఒకరన్న మాటను మన మాటగా చెప్పడం, అనగానే విల్‌కి వుడ్, కెన్‌కి కుడ్, టుమారోకి ది నెక్స్ట్ డే అంటూ ఒక పట్టిక బట్టీ పట్టిస్తాం. పట్టిక కంఠతా వచ్చినవాళ్లు కూడా వాక్యం దగ్గర తడబడతారు. దానికి కారణం ఇంగ్లీషులో కన్నా మన తెలుగులోనే ఎక్కువ ఉంది.

"నేను రేపు వస్తానని రవి చెప్పాడు" అంటాం. రవి నోట వచ్చిన నేను, రేపు, వస్తాను మూడూ చెక్కుచెదరలేదు. చివర "అని" తగిలించాం, అంతే. వచ్చేది రవా, ఈ మాట చెబుతున్న నేనా అన్నది సందర్భాన్ని బట్టి పోల్చుకుంటాం. ఇంగ్లీషులో ఈ సర్దుబాటు కుదరదు. మాట రవిదే అయినా, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అనే లెక్కంతా ఇప్పుడు చెబుతున్నవాడి వైపు నుంచి సాగాలి. దట్ అంటే మన "అని"యే కదా అని "రవి సెడ్ దట్ ఐ విల్ కమ్" అన్నారో, వచ్చేది మీరే అవుతారు!

ఒక వాక్యాన్ని విప్పి చూద్దాం. రవి సెడ్ టు మి, "ఐ విల్ రిటర్న్ యువర్ బుక్ టుమారో." చాలామంది ముందు టెన్స్ మీద పడతారు. నన్నడిగితే ముందు మనుషుల్ని తేల్చుకోవాలి. ఐ అంటే రవి, కాబట్టి హి. యువర్ అంటే విన్నవాడిది. విన్నది నేను, కాబట్టి మై. ఆ తర్వాత టెన్స్: సెడ్ గతం గనుక విల్ వుడ్ అవుతుంది. చివరగా టుమారో. "రవి టోల్డ్ మి దట్ హి వుడ్ రిటర్న్ మై బుక్ ది నెక్స్ట్ డే." టోల్డ్ పక్కన విన్నవాడు ఉండి తీరాలి. "హి టోల్డ్ దట్" తప్పు. విన్నదెవరో చెప్పకపోతే సెడ్ వాడండి.

సేస్ అని ఉంటే టెన్స్ జోలికి వెళ్లక్కర్లేదు. సెడ్ అయితే ఒక మెట్టు వెనక్కి: యామ్ కాస్తా వాజ్, సా కాస్తా హ్యాడ్ సీన్. హ్యాడ్ సీన్‌కి వెనక మెట్టు లేదు, అలాగే ఉంటుంది. వుడ్, షుడ్, మైట్ కూడా కదలవు. మస్ట్ తప్పనిసరిని చెబితే హ్యాడ్ టు చేయొచ్చు. "అలసిపోయి ఉంటాడు" లాంటి ఊహను చెబితే మస్ట్‌గానే వదిలేయండి. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు లాంటి నిత్యసత్యాల్లో వర్తమానం ఉంచవచ్చు. పొద్దున విన్న మాటను ఆ సాయంత్రమే చెబుతుంటే టుమారో ఇంకా టుమారోయే. పరీక్షలో మాట ఎప్పుడు అన్నారో ఉండదు కాబట్టి మార్చేస్తాం.

ఎక్కువ మార్కులు పోయేది ప్రశ్నల దగ్గర. హి సెడ్ టు మి, "వేర్ డు యు లివ్?" దీనికి తరచుగా కనిపించే జవాబు: "హి ఆస్క్‌డ్ మి దట్ వేర్ డిడ్ ఐ లివ్?" "ఎక్కడ ఉంటున్నావని అడిగాడు"లోని "అని" దట్ రూపంలో దూరింది. డిడ్ అక్కర్లేదు, ప్రశ్న గుర్తూ అక్కర్లేదు, ఎందుకంటే ఇప్పుడు మీరు ఎవర్నీ ఏమీ అడగడం లేదు. "హి ఆస్క్‌డ్ మి వేర్ ఐ లివ్డ్." అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్నకు ఇఫ్ గానీ వెదర్ గానీ వస్తుంది, "వస్తావా"లో చివరి "ఆ" చేసే పనే అది.

ఆజ్ఞలు సులువు. "డోంట్ టచ్ ది వైర్" అంటే "షి టోల్డ్ మి నాట్ టు టచ్ ది వైర్." నాట్ ముందు, టు తర్వాత. ప్లీజ్ ఉంటే అది తీసేసి రిక్వెస్టెడ్ పెట్టండి. "లెట్స్ గో" లాంటి మాటకు సజెస్టెడ్ వాడతాం, అక్కడ మాత్రం జాగ్రత్త: "షి సజెస్టెడ్ మి టు గో" అని రాస్తుంటారు. సజెస్టెడ్ తర్వాత మి రాదు, టు రాదు. "షి సజెస్టెడ్ గోయింగ్" అనండి, లేదా "షి సజెస్టెడ్ దట్ వి షుడ్ గో."