అలుగు పారుతున్నంతసేపూ

అందరికీ నమస్కారం. 1919 నుంచి సంగీత కళాశాల నడుస్తున్న విజయనగరంలో నిలబడి, శ్రుతిలో లేని ఒక మోత గురించి మాట్లాడబోతున్నాను. బొబ్బిలి వీణకి ఆమధ్య చిన్న ప్రీయాంప్లిఫయర్ కట్టాను, అంటే తీగల మోతని పట్టే పికప్ ఇచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే పెట్టె. వాయించే మాస్టారు ఒక్క నిమిషం విని, "బాబూ, వీణ కన్నా ముందు నీ పెట్టే పాడతంది" అన్నారు. అది 100 హెర్ట్జ్ పాట. మన కరెంటు 50 హెర్ట్జ్, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి రెక్టిఫయర్ దాటేసరికి రెట్టింపవుతుంది. వచ్చి వచ్చి అనుమంద్రం తీగ పలికే చోటే కూర్చుంటుంది.

దానికి నేను వేసిన మందు షంట్ రెగ్యులేటర్. రెగ్యులేటర్ పని వోల్టేజీని ఒకే మట్టంలో ఉంచడం. మామూలు సీరీస్ రెగ్యులేటర్ మదుము దగ్గర కాపలా ఉన్న మనిషిలాంటిది. పొలానికి ఎంత కావాలో చూసి తలుపు ఎత్తుతూ దించుతూ ఉంటాడు. షంట్‌లో అలా కాదు. చెరువులోకి ఎప్పుడూ అవసరానికి మించి నీళ్లు వదిలి, మిగిలినవి అలుగు మీంచి గెడ్డలోకి పోనిస్తాం. పొలం ఎంత తాగినా, అలుగు పారుతున్నంతసేపూ మట్టం కదలదు. దుబారాయే, కాదనను. కానీ పాటతోపాటు లోడు, అంటే ప్రీయాంప్లిఫయర్ తాగే కరెంటు, ఎంత ఊగినా, ట్రాన్స్‌ఫార్మర్ వైపు నుంచి లాగే కరెంటు ఒకటే లెక్క. ఆ కుదుపు వెనక్కి పోయి పక్క స్టేజీని కదపదు.

ఇక బోర్డు చూడండి. 18 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి, 2200 మైక్రోఫారడ్ల కెపాసిటర్: సుమారు 24 వోల్టులు. దాని మీద ఎల్‌ఎం317 అనే చిప్, 15 ఓముల రెసిస్టరుతో. ఆ రెసిస్టరు మీద ఎప్పుడూ 1.25 వోల్టులు నిలబెడుతుంది. 1.25ని 15తో భాగిస్తే 83 మిల్లీయాంపులు. చెరువులోకి వచ్చే నీరు ఇదే. అలుగు ఎత్తు నిర్ణయించేది టీఎల్431 అనే ఇంకో చిప్. దాని రిఫరెన్సు 2.495 వోల్టులు, 10 కె, 2 కె (కిలో ఓముల) రెసిస్టర్లతో ఆరు రెట్లయి 14.97 వస్తుంది. అలుగు మీంచి పోయే కరెంటుని మోసేది బీడీ140 ట్రాన్సిస్టర్. ఎమిటర్, బేస్ మధ్య 220 ఓములు మాత్రం మర్చిపోకండి. టీఎల్431కి కనీసం ఒక మిల్లీయాంపు కూలి ఇవ్వకపోతే పని చెయ్యదు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మంచిదే కదా అని అవుట్‌పుట్‌లో 0.1 మైక్రోఫారడ్ డిస్క్ కెపాసిటర్ పెట్టాను. మీటరు బుద్ధిగా 15 చూపించింది. వీణ మాత్రం గొంతు బొంగురుపోయినట్టు పలికింది. రెండు రోజులు తీగల్నీ, పికప్‌నీ అనుమానించాను. చివరికి వోల్టేజీ కదలికని తెర మీద గీసే ఆసిలోస్కోప్ పెడితే రెగ్యులేటరే ఊగిపోతోంది! టీఎల్431కి కొన్ని కెపాసిటర్ విలువలు పడవు. డేటాషీటులో దానికి గ్రాఫే ఉంది, నేనే చూడలేదు. అది పీకి 47 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ పెట్టాక సద్దుమణిగింది.

పరీక్షకి వద్దాం. మొదటిసారి స్విచ్ వేసేటప్పుడు ప్రైమరీకి, అంటే ట్రాన్స్‌ఫార్మర్ మెయిన్స్ వైపు చుట్టకి, వరసలో పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టండి. లోడు తగిలించకండి. షంట్‌కి అసలు కష్టం అప్పుడే: 83 మిల్లీయాంపులూ ట్రాన్సిస్టరే మింగాలి, అంటే ఒకటింపావు వాటు వేడి. తర్వాత 470 ఓములు పెట్టండి, వోల్టేజీ కదలకూడదు. ఆపైన 150 ఓములు, రెండు వాట్లది. పన్నెండున్నరకి పడిపోతుంది. కంగారు పడకండి, అలుగు ఎండిపోయిందంతే.

చవక మీటరుతో హమ్, అంటే ఆ 100 హెర్ట్జ్ మోతని, కొలవబోకండి. దాని ఏసీ రేంజి 200 వోల్టుల దగ్గర మొదలవుతుంది, మిల్లీవోల్టులు దాని కంటికి ఆనవు. వాల్యూమ్ సున్నాలో పెట్టి, అవుట్‌పుట్‌ని కెపాసిటర్ ద్వారా యాంప్లిఫయర్ ఆక్స్ (బయటి సిగ్నల్ ఇచ్చే సాకెట్) లోకి ఇచ్చి, మెల్లగా పెంచి చెవితో వినండి.

ఇదిగో, స్విచ్ వేస్తున్నాను, లోడు లేదు. ముందు వరసలో ఉన్న బాబూ, ఇలా రా. ట్రాన్సిస్టరు వేడిని లాగే ఈ హీట్ సింక్ మీద వేలు పెట్టి, ఎంతసేపు ఉంచగలవో చెప్పు.