చాప చుట్టుకుని బయల్దేరిన దేవుడు

శ్రోతలకు నమస్కారం.

కంచిలో వరదరాజస్వామి గరుడసేవ చూశారా ఎప్పుడైనా? తెల్లారేసరికి వీధులన్నీ జనం. అందరి చూపూ గరుడవాహనం మీదే. నేనూ అలాగే మెడ ఎత్తి చూస్తూ నిలబడ్డాను. పక్కనున్న పెద్దాయన ఒకరు నా భుజం తట్టి, "స్వామి సరే, స్వామికి ముందు ఎవరు, వెనక ఎవరు, అది చూడండి" అన్నారు. అప్పుడు చూశాను. ముందు నడిచే గోష్ఠి, అంటే భక్తుల బృందం, తమిళ పాశురాలు చదువుతోంది. పాశురాలంటే విష్ణుభక్తులు పాడిన పద్యాలు. వెనక వచ్చే గోష్ఠి వేదం చదువుతోంది. ముందు తమిళం, మధ్యలో స్వామి, వెనక వేదం.

"వేదం స్వామిని వెతుక్కుంటూ వస్తుంది. స్వామి తమిళం వినుకుంటూ దాని వెనకాల వెళ్తాడు" అన్నారాయన. వైష్ణవుల్లో ఇది తరతరాలుగా చెప్పుకునే మాటే. కానీ ఆ వీధిలో, ఆ జనంలో వింటే నాకు ఒళ్ళు పులకరించింది.

దేవుడు తమిళం వెనక వెళ్ళడమేమిటి అంటారా? కంచిలోనే దానికో కథ ఉంది. అది చెప్పాలనే ఇవాళ మీ ముందుకొచ్చాను.

తమిళంలో విష్ణువును పాడిన భక్తకవులు పన్నెండుమంది, వాళ్ళనే ఆళ్వార్లు అంటారు. వాళ్ళలో తిరుమళిశై ఆళ్వార్ ఒకరు. మనవాళ్ళు భక్తిసారులు అంటారు. బుట్టలల్లుకునేవారి ఇంట పెరిగాడని చెబుతారు. ఆయన శిష్యుడు కణికణ్ణన్. గురుశిష్యులిద్దరూ కంచిలో, తిరువెక్కా గుడి దగ్గర ఉండేవారు. అక్కడ స్వామి శేషుడి మీద పడుకుని ఉంటాడు.

ఆ గుడి వాకిలి ఊడ్చే ముసలమ్మను ఆళ్వారు కరుణించి పడుచుదాన్ని చేశాడట. పల్లవరాజు ఆమెను పెళ్ళాడాడు. ఏళ్ళు గడిచాయి. రాజుకు జుట్టు నెరుస్తోంది, రాణి మాత్రం అలాగే ఉంది. రాజు కణికణ్ణన్‌ను పిలిపించి, "మీ గురువుగారిని నామీద ఒక్క పాట పాడమను, నాకూ యౌవనం రావాలి" అన్నాడు. "మా గురువుగారు మనుషుల మీద పాడరు" అన్నాడు శిష్యుడు. "అయితే నువ్వు పాడు." "నేనూ పాడను." రాజుకు కోపం వచ్చింది. ఊరు విడిచి పొమ్మన్నాడు.

శిష్యుడు వచ్చి గురువుకు చెప్పాడు. గురువు తిన్నగా గుడిలోకి వెళ్ళి, పడుకున్న స్వామి ముందు నిలబడి తమిళంలో నాలుగు పాదాలు చదివాడు. కణికణ్ణన్ పోతున్నాడు. మణివణ్ణా, అంటే నీలమణి రంగువాడా, నువ్విక్కడ పడుకోనక్కర్లేదు. నేనూ పోతున్నాను. నువ్వు కూడా నీ 'పైన్నాగప్పాయ్ శురుట్టిక్కొళ్'. పాయ్ అంటే చాప. నీ పడగల నాగుచాప చుట్టుకో అన్నాడు! పొలం గట్టున పడుకున్నవాణ్ణి లేపి, పదరా పోదాం అన్నట్టు.

స్వామి లేచాడు. చాప చుట్టి చంకన పెట్టుకున్నాడు. ముందు శిష్యుడు, వెనక గురువు, ఆ వెనక దేవుడు. ముగ్గురూ ఊరు దాటిపోయారు. కంచి కళ తప్పింది. వాళ్ళు ఆ రాత్రి ఆగిన ఊరు పాలారు పక్కన ఇప్పటికీ ఉంది, పేరు ఓరిరుక్కై. ఒక్క రాత్రి ఉన్న చోటు కాబట్టి ఆ పేరంటారు. రాజు పరుగెత్తుకుంటూ వెళ్ళి కాళ్ళమీద పడ్డాడు. ఆళ్వారు అదే పద్యాన్ని తిప్పి చదివాడు. కణికణ్ణన్ వెనక్కి వస్తున్నాడు, నీ నాగుచాప 'విరిత్తుక్కొళ్', పరుచుకో అని. స్వామి వెనక్కి వచ్చి పరుచుకున్నాడు.

ఆ స్వామి పేరు యథోక్తకారి. తమిళంలో సొన్నవణ్ణం సెయ్ద పెరుమాళ్. చెప్పినట్టు చేసిన దేవుడు. శ్రీరంగంలో స్వామి తల మన ఎడమవైపు ఉంటుంది. ఇక్కడ పడక తిరగబడి ఉంటుంది. తిరిగొచ్చి పడుకోవడంలో వైపు మారిందని అంటారు. వరదరాజస్వామి గుడికి దగ్గరే. కంచి వెళ్ళినప్పుడు ఈ గుడికీ వెళ్ళండి.

ఇలా ఆళ్వార్లు పాడిన పాశురాలు నాలుగువేలని లెక్క. నాథముని అనే వైష్ణవాచార్యుడు వాటిని సేకరించి గుడిలో పాడే ఏర్పాటు చేశాడు. శివాలయాల్లోనూ అంతే. తంజావూరు పెద్దగుడిలో తేవారం, అంటే శివభక్తుల తమిళ పాటలు, పాడటానికి రాజరాజచోళుడు 48 మందిని నియమించినట్టు శాసనం ఉంది. అలాగని తమిళం ఒక్క మతం సొత్తని నేననను. శిలప్పదికారం అనే తమిళ కావ్యం రాసిన ఇళంగో జైనుడని చెబుతారు, మణిమేఖలై బౌద్ధుల కావ్యం. నాకు ముఖ్యంగా తోచేది ఒకటే. చాప, నెయ్యి, ఆవులు, వాన అని ఇంట్లో మాట్లాడుకునే మాటలతోనే ఆ భక్తులు దేవుణ్ణి పిలిచారు. ఆ మాటలకే ఆయన లేచి వచ్చాడు.

ఇందులో మన వాటా కూడా ఉంది. ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతం బదులు, ఆళ్వార్లలో ఒకరైన ఆండాళ్, మన గోదాదేవి, పాడిన తిరుప్పావై వినిపిస్తుంది. ఆ ఆండాళ్ కథనే కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా తెలుగులో రాశాడు. తెలుగు లిపిలో అచ్చేసిన తిరుప్పావై పుస్తకాలు ఎన్ని ఇళ్ళలో లేవు!

అందుకే ఒక చిన్న మాట అడుగుతాను. ముప్పై రోజులు, ముప్పై పాశురాలు. ఈసారి చదివేముందు రోజుకు ఒక్క పాశురానికి అర్థం తెలుసుకోండి. ఒక్కటి చాలు, రోజుకు ఒక్కటి.

మా నాయనమ్మకు తిరుప్పావై మొత్తం నోటికి వచ్చు. తమిళం ఒక్క ముక్క రాదు. ఇరవై ఏడో రోజున కూడారై పాశురం చదివి పాలన్నం నైవేద్యం పెట్టేది. అందులో 'మూడనెయ్ పెయ్దు ముళంగై వళివార' అని వస్తుంది. అర్థం నాకు తెలిశాక ఒక ఏడాది ఆవిడకు చెప్పాను. "నాయనమ్మా, అన్నం మునిగేటట్టు నెయ్యి పోసి, అది మోచేతి దాకా కారుతుంటే అందరం కలిసి కూచుని తిందాం అంటోంది ఆండాళ్" అని.

"అట్లానా!" అంది. అని, వంటింట్లోకి వెళ్ళి నేతిగిన్నె తెచ్చి ఇంకో రెండు గరిటెలు పోసింది.

నమస్కారం.