మైదానం పోయింది, హోమ్ ప్లేట్ మిగిలింది

(వారాంతపు చర్చా కార్యక్రమానికి అక్షర రూపం. పాల్గొన్నవారు: గుంటూరులో చరిత్ర బోధించి విశ్రాంతి తీసుకుంటున్న మాస్టారు, న్యూజెర్సీలో స్థిరపడిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, హైదరాబాద్ క్రీడా విలేకరి.)

వ్యాఖ్యాత: నమస్కారం. అమెరికా వెళ్లొచ్చిన తెలుగువారి ఫోటోల్లో నయాగరా ఉంటుంది, స్వేచ్ఛా ప్రతిమ ఉంటుంది. మాస్టారి ఫోన్‌లో మాత్రం ఒక ఇటుక గోడ ఉంది. ఒకే గోడకు పదకొండు ఫోటోలు! ఏమిటండీ ఆ గోడ?

మాస్టారు: పిట్స్‌బర్గ్‌లో ఫోర్బ్స్ ఫీల్డ్ అని ఒక బేస్‌బాల్ మైదానం ఉండేది. 1909లో తెరిచారు, 1970 జూన్ 28న చివరి ఆటలు ఆడారు, మరుసటి ఏడాది పడగొట్టారు. ఇప్పుడక్కడ విశ్వవిద్యాలయం భవనాలు ఉన్నాయి. మా అబ్బాయి ఇంటి నుంచి సాయంత్రం నడకకు వెళ్తుంటే, ఏ భవనానికీ అంటుకోకుండా ఒంటరిగా ఒక గోడ కనిపించేది. దాని నిండా తీగ అల్లుకుంది. మధ్యలో 457, 436 అని తెల్లటి అంకెలు. ఇంటి నంబర్లేమో అనుకున్నాను.

(నవ్వులు)

ఇంజనీరు: అవి అడుగులు మాస్టారూ. బ్యాటర్ నిలబడే చోటు నుంచి ఆ గోడ దాకా దూరం.

మాస్టారు: తర్వాత తెలిసిందమ్మా. 457 అడుగులంటే దాదాపు 139 మీటర్లు.

విలేకరి: క్రికెట్‌లో బౌండరీ ఎంత దూరం పెట్టినా 90 గజాలకు మించదు, అంటే 82 మీటర్లు. అంత దూరంలో గోడ ఉంటే మన సిక్సర్లలో చాలావరకు క్యాచ్‌లే. అది సరే, నా సందేహం మొదటే చెప్పేస్తాను. ఆట లేదు, మైదానం లేదు, ప్రేక్షకుడు లేడు. మిగిలిన గోడ ముక్క దగ్గరికి విమానం టికెట్టు కొనుక్కుని వెళ్లడమెందుకు? వీటిని పడగొట్టినవాళ్లే తర్వాత ఇత్తడి ఫలకాలు పెడతారు. బతికుండగా అన్నం పెట్టనివాడు తద్దినం ఘనంగా పెట్టినట్టు!

మాస్టారు: మంచి మాట అన్నారు. అక్కడ నిజంగానే ఏటా ఒక తంతు జరుగుతుంది, చెబుతాను వినండి. 1960 వరల్డ్ సిరీస్, అంటే అక్కడి బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ పోరు. ముందు నాలుగు ఆటలు గెలిచిన జట్టుదే కప్పు. పిట్స్‌బర్గ్ పైరేట్స్, న్యూయార్క్ యాంకీస్ చెరి మూడు ఆటలు గెలిచాయి. ఏడో ఆట అక్టోబరు 13న ఈ మైదానంలోనే. చివరి ఇన్నింగ్స్‌కు స్కోరు 9–9. పిట్స్‌బర్గ్ తరఫున ముందుగా బ్యాటింగ్‌కు వచ్చిన బిల్ మాజెరోస్కీ బంతిని ఎడమవైపు గోడ దాటించాడు. దాన్నే హోమ్ రన్ అంటారు, మన సిక్సర్ లాంటిది. ఆట అక్కడితో ముగిసింది, సిరీస్ పిట్స్‌బర్గ్‌ది. అప్పుడు మధ్యాహ్నం 3 గంటల 36 నిమిషాలు. వరల్డ్ సిరీస్ ఏడో ఆటను హోమ్ రన్‌తో ముగించినవాడు ఇప్పటికీ అతనొక్కడే.

విలేకరి: ఆ సిరీస్ మొత్తంలో యాంకీస్ పరుగులు 55, పిట్స్‌బర్గ్ పరుగులు 27. రెట్టింపు చేసి కూడా ఓడిపోయారు. ఈ లెక్క నాకు భలే ఇష్టం.

మాస్టారు: 1985లో ఒక అభిమాని అక్టోబరు 13న ఒక్కడే ఆ గోడ దగ్గర కూర్చుని, ఆనాటి రేడియో వ్యాఖ్యానం టేపు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా విన్నాడు. మరుసటి ఏడూ వెళ్లాడు. ఆనోటా ఈనోటా పడి జనం చేరారు. ఇప్పుడు వందల్లో వస్తారు. మడత కుర్చీలు, చలికోట్లు, వేరుసెనక్కాయలు తెచ్చుకుంటారు. హోమ్ రన్ సరిగ్గా 3:36కే వచ్చేలా టేపు మొదలుపెడతారు. ఫలితం అందరికీ తెలిసిందే. అయినా చివరి ఇన్నింగ్స్‌లో నా పక్కన కూర్చున్న పెద్దాయన చేతులు వణికాయి. బంతి గోడ దాటగానే లేచి టోపీ ఎగరేశాడు, ఆ గెలుపు అప్పుడే వచ్చినట్టు. పౌరాణిక నాటకానికి కథ తెలియకనా మనం వెళ్లేది? పడక సీను పద్యం ఆ గొంతులో వినాలని వెళ్తాం. ఇదీ అంతే.

విలేకరి: అయితే తద్దినమే కదా?

మాస్టారు: తద్దినం పోయిన రోజున పెడతారు. మైదానం పోయింది జూన్‌లో. వీళ్లు గెలిచిన రోజును పట్టుకున్నారు. ఇది తిరునాళ్ల.

ఇంజనీరు: ఒక చిన్న సవరణ చేయనా? ఆ నిలిచి ఉన్న గోడ మీదుగా బంతి వెళ్లలేదు. అది వెళ్లిన ఎడమవైపు గోడ కూలిపోయింది. దాని జాడ కాలిబాట మీద ఇటుకల వరుసగా పరిచారు, బంతి దాటిన చోట ఒక ఫలకం ఉంది. జనం మాత్రం నిలబడి ఉన్న గోడ దగ్గరే చేరతారు.

మాస్టారు: ఆనుకోవడానికి గోడ కావాలి కదమ్మా, గీతకు ఎవరు ఆనుకుంటారు?

వ్యాఖ్యాత: హోమ్ ప్లేట్ కూడా అక్కడే ఉందట కదా?

మాస్టారు: హోమ్ ప్లేట్ అంటే బ్యాటర్ పక్కన నేలలో పరిచే తెల్లటి ఐదు మూలల రబ్బరు పలక. వెడల్పు 17 అంగుళాలు. దాన్ని పోస్వార్ హాల్ అనే తరగతుల భవనంలో నేలకు అమర్చి పైన అద్దం బిగించారు. పిల్లలు పుస్తకాల సంచులతో దాని మీదుగానే తరగతికి పరిగెత్తుతుంటారు. అయితే అది అసలు చోటు కాదు, కాస్త పక్కన. సరైన చోట పెడితే ఆడవాళ్ల మరుగుదొడ్డిలో పెట్టాల్సి వచ్చేదని ఊళ్లో ఒక ఛలోక్తి.

(నవ్వులు)

వ్యాఖ్యాత: మేడమ్, మీరు న్యూయార్క్ వైపు ఎక్కువగా తిరిగారు.

ఇంజనీరు: నాకు బాగా గుర్తుండిపోయింది బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్. నిజానికి అక్కడ చూడటానికి ఏమీ లేదు. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ 1947 ఏప్రిల్ 15న డాడ్జర్స్ జట్టు తరఫున మొదటి ఆట ఆడింది ఆ నేల మీదే. అంతకుముందు అరవై ఏళ్లుగా నల్లజాతి ఆటగాళ్లను పెద్ద లీగుల్లోకి రానివ్వలేదు. ఏప్రిల్ 15న ఇప్పుడు అన్ని జట్లలోని అందరూ 42 నంబరు చొక్కాతోనే ఆడతారు, అది ఆయన నంబరు. 1957 సీజన్ ముగియగానే జట్టు లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది. 1960 ఫిబ్రవరిలో మైదానాన్ని కూల్చడానికి తెచ్చిన ఇనుప గుండుకు బేస్‌బాల్ రంగు వేశారు, తెలుపు మీద ఎర్రటి కుట్లతో సహా. 1964లో న్యూయార్క్‌లోనే పోలో గ్రౌండ్స్ అనే ఇంకో బేస్‌బాల్ మైదానాన్ని కూల్చిందీ ఆ గుండుతోనే.

విలేకరి: వేళాకోళమా, నివాళా?

ఇంజనీరు: చూసేవాళ్లను బట్టి! ఇప్పుడక్కడ 1,300కు పైగా ఫ్లాట్లున్న ఎత్తైన ఇళ్ల సముదాయం ఉంది. గోడలో ఒక రాతి పలక మీద ఇది ఎబెట్స్ ఫీల్డ్ ఉండిన చోటని రాసి ఉంటుంది. ఆ ఆవరణలోనే ఇంకో బోర్డు చూసి నిలబడిపోయాను: ఇక్కడ బంతి ఆడరాదు!

(నవ్వులు)

మాస్టారు: రాబిన్సన్ ఆడిన చోట!

ఇంజనీరు: నేను ఫోటో తీస్తుంటే ఒక కాపలాదారు వచ్చి ఏం కావాలన్నాడు. మైదానం అన్నాను. చెయ్యి చాచి గాలిలో గుండ్రంగా తిప్పి, ఇదే అన్నాడు. ఇళ్లలో మనుషులు ఉంటున్నారు, పిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి. అక్కడ గట్టిగా మాట్లాడకూడదని నాకు అప్పుడే తెలిసింది. ఎవరైనా వెళ్తే కాలిబాట మీద నుంచే చూడండి, లోపలికి దూరకండి. హార్లెమ్‌లో పోలో గ్రౌండ్స్ ఉన్న చోటా ఇవే తరహా ఇళ్లు. మైదానం పోయినా, కొండ మీద నుంచి అందులోకి దిగే జాన్ బ్రష్ మెట్ల వరుస మిగిలింది, బాగుచేశారు కూడా. దిగి దిగి చివరికి ఎక్కడికీ చేరని మెట్లు.

వ్యాఖ్యాత: మినియాపోలిస్ దగ్గర పెద్ద మాల్‌కు మన తెలుగువాళ్లు చాలామంది వెళ్తారు.

ఇంజనీరు: మాల్ ఆఫ్ అమెరికా. నేను మూడుసార్లు వెళ్లాను, మొదటి రెండుసార్లు ఏమీ చూడలేదు. అది మెట్రోపాలిటన్ స్టేడియం అనే పాత బేస్‌బాల్ మైదానం ఉన్న నేల. మాల్ మధ్యలో పిల్లల ఆటల పార్కు ఉంది కదా, దాని ఒక మూల నేలలో హోమ్ ప్లేట్ గుర్తు ఉంటుంది. అక్కడ నిలబడి ఎదుటి గోడ వైపు తల ఎత్తి చూడండి. చాలా పైన, జారుడు పడవల ఆటకు ఎగువన, గోడకు బిగించిన ఒకే ఒక ఎర్ర కుర్చీ. ఎవరూ కూర్చోలేరు. 1967 జూన్ 3న హార్మన్ కిల్‌బ్రూ కొట్టిన 520 అడుగుల హోమ్ రన్ పడింది అక్కడేనని గుర్తు. గోడలు, ఫలకాలు చూస్తే నాకు దూరం అర్థం కాలేదు. ఆ కుర్చీని చూశాక మెడ నొప్పితో అర్థమైంది.

విలేకరి: సరే, నేను కొంచెం మెత్తబడిన సంగతి ఒప్పుకుంటాను. 2024 టీ20 ప్రపంచ కప్‌కు వెళ్లాను. న్యూయార్క్ పక్కన నాసౌ కౌంటీలో ఒక పార్కులో 34,000 మందికి సరిపడా తాత్కాలిక స్టేడియం కట్టారు. జూన్ 9న భారత్ 119 పరుగులే చేసి పాకిస్తాన్ మీద ఆరు పరుగులతో గెలిచింది. నా ముందు వరుసలో ఎన్ని తెలుగు గొంతులో! జూన్ 12న అక్కడ చివరి ఆట, ఆ వెంటనే స్టాండ్లు విప్పడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది ఇంకో పని మీద అటు వెళ్లి, మా ప్రెస్ గది ఎక్కడుండేదో వెతికాను. పచ్చిక తప్ప ఏమీ లేదు. అరగంట తిరిగాను. ఎందుకు తిరిగానని అడగకండి.

మాస్టారు: అడగం లెండి. ఇందాక మీరడిగిన ప్రశ్నే అది.

విలేకరి: ఇంకో తమాషా ఉంది. డాలస్ దగ్గర గ్రాండ్ ప్రెయిరీలో మనవాళ్లు క్రికెట్ చూసే స్టేడియం 2008లో బేస్‌బాల్ కోసం కట్టిందే. 2024 జూన్ 6న అమెరికా సూపర్ ఓవర్‌లో పాకిస్తాన్‌ను ఓడించింది అక్కడే. అందులో కూర్చున్న మనవాళ్లలో ఎంతమందికి తాము పాత బేస్‌బాల్ మైదానంలో ఉన్నామని తెలుసు?

వ్యాఖ్యాత: పడగొట్టకుండా కాపాడినవి లేవా?

ఇంజనీరు: ఉన్నాయి. న్యూజెర్సీ వాళ్లకు పక్కనే, ప్యాటర్సన్‌లో జలపాతం దగ్గర హించ్‌లిఫ్ స్టేడియం. 1932 నాటిది, నల్లజాతి లీగుల ఆటలు జరిగిన చోటు. పాతికేళ్లకు పైగా మూతపడి, చెట్లు మొలిచి, బాగుచేశాక 2023లో మళ్లీ తెరిచారు. అలబామాలో రిక్‌వుడ్ ఫీల్డ్ 1910 నాటిది, ఇంకా నిలబడి ఉంది. డెట్రాయిట్ కథ వేరు. టైగర్ స్టేడియంను 2009 కల్లా పూర్తిగా కూల్చాక, ఆ ఖాళీ స్థలంలో కలుపు పెరిగిపోతుంటే అభిమానులు సొంత యంత్రాలతో గడ్డి కోశారు, బంతి వేసేవాడు నిలబడే పిచ్చర్ దిబ్బను చక్కబెట్టారు. అనుమతి లేదని వాళ్లను వెళ్లగొట్టినా మళ్లీ వచ్చారు. చివరికి 2018లో అక్కడ పిల్లల మైదానం తెరిచారు. కాకపోతే కృత్రిమ పచ్చిక పరిచారు. ఏళ్ల తరబడి గడ్డి కోసినవాళ్ల చేతికి పనిలేకుండా పోయింది.

వ్యాఖ్యాత: చివరగా ఒక ప్రేక్షకురాలి ప్రశ్న. ఇలాంటి చోట్లకు పిల్లల్ని తీసుకెళ్తే విసుగు పుట్టదా?

ఇంజనీరు: పుడుతుంది. ఎబెట్స్ ఫీల్డ్ దగ్గర మా వాడు పది నిమిషాల్లో ఐస్‌క్రీమ్ అడిగాడు. బోస్టన్‌లో మాత్రం అడగలేదు. నార్త్ ఈస్టర్న్ విశ్వవిద్యాలయం ఆవరణలో, 1903లో తొలి వరల్డ్ సిరీస్ ఆట జరిగిన చోట, సై యంగ్ కంచు విగ్రహం ఉంది. ఆ ఆటలో మొదటి బంతి వేసింది ఆయనే.

మాస్టారు: గెలిచింది మాత్రం మా పిట్స్‌బర్గే, 7–3.

ఇంజనీరు: అదొకటి! విగ్రహం ముందుకు వంగి, బంతిని వీపు వెనక దాచుకుని చూస్తుంటుంది. సరిగ్గా 60 అడుగుల 6 అంగుళాల దూరంలో, అంటే ఆటలో బంతి వేసేవాడికీ హోమ్ ప్లేట్‌కీ మధ్య ఉండే దూరంలో, హోమ్ ప్లేట్ ఆకారంలో ఒక పలక ఉంది. మా వాడు వెళ్లి దాని పక్కన గొడుగును బ్యాటులా పట్టుకుని నిలబడ్డాడు. ఆయన వీడిని చూస్తున్నాడు, వీడు ఆయన్ను చూస్తున్నాడు. కాసేపయ్యాక నా వైపు తిరిగి, ఇంకా వెయ్యడేమమ్మా అన్నాడు.